యువత వాతావరణ ఉద్యమానికి మద్దతుగా శాస్త్రవేత్తల ప్రకటన ఎలా తయారుచేయాలి?

విశాఖలో ప్లకార్డు పట్టుకున్న ఇంటర్ పిల్లలకు ముందు ఎదురయ్యేది "మీకేం తెలుసు?" అన్న మాటే. దానికి జవాబు చెప్పాల్సింది శాస్త్రవేత్తలు. 2019 మార్చిలో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో 26 వేల మందికి పైగా పరిశోధకులు సంతకాలతో ఆ పని చేశారు.

ముందుగా రాసేవాళ్లను ముగ్గురికి పరిమితం చేయండి: వాతావరణ శాస్త్రం ఒకరు, సముద్ర శాస్త్రం ఒకరు, చక్కని తెలుగు రాసేవారు ఒకరు. మొదటి ఇద్దరూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే దొరుకుతారు. ప్రకటన ఒక పేజీ దాటకూడదు.

తర్వాత ప్రతి వాక్యానికీ ఆధారం పక్కన రాసుకోండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) ఆరో నివేదిక ప్రకారం 1901-2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇది నిక్కచ్చిగా రాయొచ్చు. ఎక్కువమంది బోల్తాపడేది స్థానిక ఉదాహరణల దగ్గరే. "వాతావరణ మార్పు వల్లే ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది" అని రాస్తే మర్నాడే దొరికిపోతారు. తీరం వెంట ఉత్తరానికి కదిలే ఇసుకకు విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ కట్టడాలు అడ్డుపడతాయి, అందుకే పోర్టు అడుగు నుంచి తవ్వితీసిన (డ్రెడ్జింగ్) ఇసుకను బీచ్‌కి పోస్తుంటుంది. పెరిగే సముద్ర మట్టం ఆ కోతను ఇంకా పెంచుతుంది అంటే సరిపోతుంది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను సంగతీ అంతే. అది వేడెక్కిన భూమి వల్లే వచ్చిందనకండి, తీవ్ర తుపాన్ల వాటా పెరుగుతుందనండి.

యువత ఆందోళన న్యాయమైనదని చెప్పడం వేరు, వాళ్ల ప్రతి డిమాండుకీ పూచీ పడటం వేరు. ఈ రెంటినీ వేర్వేరు పేరాల్లో పెట్టండి.

ఇక సంతకాలు. పేరు, అర్హత, పరిశోధనాంశం, సంస్థ ఈమెయిల్ తీసుకుని, ఆ మెయిల్‌కి జవాబు వచ్చాకే జాబితాలో చేర్చండి. 2019 నవంబరులో 11 వేల మంది సంతకాలతో వచ్చిన వాతావరణ హెచ్చరికలో మిక్కీ మౌస్ పేరు కూడా దూరింది. వార్తల్లో చర్చంతా దాని మీదికే మళ్లింది. సంస్థ పేరు పరిచయానికేనని, అభిప్రాయం వ్యక్తిగతమని కింద రాయండి. కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి తొమ్మిదో నియమం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించనివ్వదు. వాళ్లను మొహమాటపెట్టకండి. గైడ్ పెట్టారని ఆయన దగ్గరి పరిశోధక విద్యార్థి పెట్టే సంతకమూ వద్దు.

విడుదలకు ముందు చిత్తుప్రతిని పిల్లలకే చూపించండి. అర్థంకాని వాక్యం వాళ్లే పట్టేస్తారు. జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర సభ అయితే పోలీసు అనుమతి ముందే తీసుకోండి, మైకు మొదట యువతకే ఇవ్వండి. విలేకరుల ప్రశ్నలకు ఇద్దరినే నియమించండి. తర్వాత తప్పు బయటపడితే గుట్టుగా దిద్దొద్దు: తేదీ వేసి, పైభాగంలోనే సవరణ రాసి, సంతకం చేసిన వాళ్లందరికీ పంపండి.