మానసిక ఆరోగ్యంపై పోస్టులు పెడుతున్నా కుర్రకారు పలకట్లేదా?

సమస్య: వేలమంది చూశారు. లైకులు మాత్రం పదో పరకో.

కారణం: చాలాసార్లు ఇది సమస్యే కాదు. డిప్రెషన్ పోస్టుకు లైక్ కొడితే "ఏమైందిరా నీకు?" అని ఫ్రెండ్స్ ఆరా తీస్తారు, ఇంట్లోవాళ్ల కంటా పడొచ్చు. అందుకే చడీచప్పుడు లేకుండా చదివి, సేవ్ చేసుకుని వెళ్లిపోతారు.

పరిష్కారం: లైకులు వదిలేసి సేవ్‌లు, షేర్లు, ఇన్‌బాక్స్ మెసేజ్‌లు చూడండి. "కామెంట్లలో మీ కథ చెప్పండి" అని అడగొద్దు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పోల్ పెట్టినా, ఎవరు దేనికి ఓటేశారో పెట్టినవాళ్లకు తెలిసిపోతుంది. ఈ సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు! పేరు అడగని ఫారం లింకు ఇస్తే నోరు విప్పుతారు.

సమస్య: రెండు సెకన్లు కూడా ఆగకుండా స్క్రోల్ చేసేస్తున్నారు.

కారణం: చీకటి గది, తల పట్టుకున్న మనిషి, పైన ఓ నీతివాక్యం. అది తమ గురించే అని ఎవరికీ అనిపించదు.

పరిష్కారం: "రాత్రి రెండయింది. 'మెలకువగా ఉన్నావా?' అని టైప్ చేసి, పంపకుండా చెరిపేశావా?" ఇలా మొదలుపెట్టి చూడండి. పోస్టర్ తయారయ్యాక కుర్రకారును "ఎలా ఉంది?" అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. రాసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆత్మహత్య గురించి ఆన్‌లైన్‌లో జాగ్రత్తగా మాట్లాడడమెలాగో చెప్పే 'చాట్‌సేఫ్' మార్గదర్శకాలను ఆస్ట్రేలియాలోని ఒరిజెన్ సంస్థ 2018లో యువతతో కలిసే రూపొందించింది.

సమస్య: అక్టోబర్ 10న హడావుడి, 11 నుంచి నిశ్శబ్దం.

కారణం: ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం 1992 నుంచి ఉంది, టెన్షన్‌కు క్యాలెండర్ లేదు.

పరిష్కారం: పరీక్షల ముందు వారం, ఫలితాల రోజు, ఆదివారం రాత్రి పోస్టు చేయండి.

సమస్య: పోస్టు బాగా తిరిగింది. రాత్రి ఒంటిగంటకు ఇన్‌బాక్స్‌లో "నాకూ బతకాలని లేదు" అని మెసేజ్ వచ్చింది. మనం చూసేసరికి తెల్లారింది.

కారణం: పోస్టు ఎప్పుడు వెళ్లాలో షెడ్యూల్ చేశాం, జవాబు ఎవరివ్వాలో అనుకోలేదు.

పరిష్కారం: నా లెక్కలో అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. మనిషి లేని వేళల్లో వెంటనే వెళ్లే ఆటోమేటిక్ జవాబులో ఆ విషయం దాచకుండా చెప్పి, 24 గంటలూ పనిచేసే హెల్ప్‌లైన్ నంబర్ ఇవ్వండి. ఆ నంబర్‌కు ముందు మీరే ఓ అర్ధరాత్రి ఫోన్ చేసి, ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూసుకోండి. ఇక పోస్టుల్లో ఆత్మహత్య పద్ధతి, స్థలం వివరాలు రానివ్వకండి. ఆ దశ నుంచి ఒకరు ఎలా గట్టెక్కారో, మొదట ఎవరికి చెప్పుకున్నారో రాయండి. అలాంటి కథలు కాపాడగలవని పరిశోధకులు గమనించి, దానికి 'పాపగేనో ప్రభావం' అని పేరు కూడా పెట్టారు.