ఫోర్ వీల్ డ్రైవ్ పాఠాలు – 6: రెండు కొత్తవి, రెండు పాతవి

ఈసారి లో రేంజ్ (బండిని నిదానంగా, బలంగా లాగించే గేరు) గురించి చెబుతానని మాటిచ్చాను. అది వాయిదా. కిందటి పాఠంలో నాలుగు చక్రాలకూ శక్తి పంపే 4హెచ్ లివరు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో చదివి చాలామంది భీమిలి వైపు బండ్లు తీశారు. ఇసుకలో హాయిగా తిరిగారు. రోడ్డెక్కాక లివరు 2హెచ్‌కి (రెండు చక్రాలకే శక్తి వెళ్లే స్థానానికి) రావడం లేదని నలుగురు ఫోను చేశారు. ఒకాయన రెండు చేతులతో పట్టి లాగారట. అది లివరు, బావిలోని చేద కాదు.

ఆ నలుగురిలో ఒకాయన 4హెచ్‌లో ఉన్న సంగతే మరిచి సాగర్‌నగర్ దాకా తారురోడ్డు మీద వచ్చేశారు. తారు మీద 4హెచ్ కూడదు, ఆయన పాత పాఠం మళ్లీ చదివితే చాలు. మిగతా ముగ్గురూ ఈ మధ్యే రెండేసి కొత్త టైర్లు వేయించుకున్నవారు. నేటి పాఠం వారి పుణ్యమే.

ముందు ప్రథమ చికిత్స. లివరు బిగుసుకుంటే స్టీరింగ్ నిటారుగా పెట్టి మూడు నాలుగు మీటర్లు వెనక్కి పోనివ్వండి. ముందు, వెనక చక్రాలకు శక్తిని మోసే షాఫ్టుల మధ్య పడిన మెలి విడుతుంది, లివరు వేలితో తోసినా కదులుతుంది.

ఆ మెలి ఎక్కడిది? జిమ్నీ, థార్ వంటి బండ్లలో 4హెచ్ వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు కలిసిపోతాయి. రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. జిమ్నీ టైరు 195/80 ఆర్15. కొత్తదాని వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2,177. ఫోను చేసిన వారిలో ఒకరి ముందు టైర్ల గాడి లోతు 8 మిల్లీమీటర్లు, వెనకవాటిది 3. తేడా అయిదే కదా అనుకోవద్దు. ఆ అయిదు రెండు వైపులా పోతుంది, వ్యాసంలో పది, చుట్టుకొలతలో 31. కిలోమీటరుకు ముందు చక్రం 459 చుట్లు తిరిగితే వెనకది 466 తిరగాలి. భీమిలి నుంచి ఆర్కే బీచ్ పాతిక కిలోమీటర్లు అనుకుంటే దాదాపు 168 చుట్ల తేడా. ఇది కాగితం మీది లెక్క. నేల మీద ఇంతకంటే తక్కువే వస్తుంది, ఎందుకో కిందికి వెళితే తెలుస్తుంది. సగమే అనుకున్నా ఎనభై చుట్లు ఎక్కడికి పోవాలి? ఇసుకలో అయితే టైరు జారి ఆ తేడాను వదిలించుకుంటుంది. తారు జారనివ్వదు. షాఫ్టులు, గేర్లు ఆ మెలిని మోస్తాయి.

2హెచ్‌లో నడిపితే ఈ గొడవ లేదు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ అప్పుడు సంబంధం ఉండదు. కానీ ఒకే ఇరుసు మీద కుడివైపు కొత్తది, ఎడమవైపు పాతది వేస్తే మాత్రం 2హెచ్ కూడా కాపాడదు. కుడి, ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది డిఫరెన్షియల్; మలుపుల్లో మాత్రమే పని చేయాల్సిన దాని లోపలి గేర్లు తిన్నటి రోడ్డు మీద కూడా ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి.

లివరు లేకుండా తనంతట తానే నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఏడబ్ల్యూడీ బండ్ల సంగతి వేరు. వాటికి 2హెచ్ అనే ఆశ్రయమే లేదు. చుట్ల తేడాను అవి చక్రం జారుతోందని పొరబడి, మధ్యలోని క్లచ్‌ను పట్టిస్తూనే ఉంటాయి. అది వేడెక్కి అరిగిపోతుంది. అమెరికాలో పిల్లలున్నవారు వినే ఉంటారు, జపాన్ కార్ల కంపెనీ సుబారు వారు నాలుగు టైర్ల చుట్టుకొలతలో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదంటారు. కాగితం లెక్కలో అది గాడి లోతులో ఒక్క మిల్లీమీటరు.

ఇక నాకు ఒళ్లు మండించే సలహా. ముగ్గురికీ మూడు పంక్చర్ షాపుల్లో ఒకే మాట చెప్పారు: "అరిగినవాటిలో నాలుగు పాయింట్లు గాలి ఎక్కువ కొట్టించండి సార్, సమానమైపోతుంది." కాదు. టైరు బెలూను కాదు. రేడియల్ టైరులో గాడుల కింద చుట్టూ ఉక్కు తీగల పట్టా ఉంటుంది, ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టు. గాలి ఎక్కువ కొడితే బండి కాస్త పైకి లేస్తుంది, టైరు కింద నొక్కుకోవడం తగ్గుతుంది. కానీ పట్టా పొడవు సాగదు. చక్రం ఒక్క చుట్టులో ఎంత దూరం పోతుందో ప్రధానంగా ఆ పట్టాయే నిర్ణయిస్తుంది. కాగితం లెక్క కంటే నేల మీద తేడా తక్కువ రావడానికీ కారణం అదే. నేను ఒకే టైరును 26 పాయింట్లతోనూ 36 పాయింట్లతోనూ దొర్లించి చూశాను. తేడా టేపు మీద వెతుక్కోవలసినంతే. పైగా గాలి ఎక్కువైతే టైరు నడుమ భాగమే నేలను తాకి అక్కడే అరుగుతుంది. అసలే అరిగిన టైరు, పైగా వానాకాలం, పైగా సింహాచలం కొండ రోడ్డు. ఈ సలహా ఇచ్చినవారు మీ పక్క సీట్లో కూర్చోరు.

పక్కన అచ్చొత్తిన సంఖ్య ఒకటే కదా అని ఇంకొకరు. ఆ సంఖ్య కొత్తగా ఉన్నప్పటిది. పైగా రెండు కంపెనీల ఒకే సంఖ్య టైర్లు కూడా అచ్చంగా ఒకే కొలత ఉండవు.

రెండే కొనగలిగితే కొత్త జతను వెనక వేయండి. స్టీరింగ్ ముందుంటుందని అందరూ ముందు వేయిస్తారు. కానీ నీళ్లు నిలిచిన రోడ్డు మీద ముందు జారితే కాలు తీసి సర్దుకోవచ్చు, వెనక జారితే బండి గిరగిరా తిరుగుతుంది. అంతే, దీని మీద వాదనలకు ఫోను చేయవద్దు. ఇంకా మంచిది, స్టెప్నీని కూడా కలుపుకొని పదివేల కిలోమీటర్లకోసారి అయిదు టైర్లనూ స్థానాలు మార్చడం. లేకపోతే అరకు ఘాట్‌లో పంక్చరైన రోజున ముట్టని స్టెప్నీయే మీ కొత్త టైరు, మిగతా మూడూ పాతవి. అలా ఇంటికి రావచ్చు, 2హెచ్‌లో.

నా సొంత పద్ధతి: ఒకే ఇరుసు మీద గాడి తేడా ఒక మిల్లీమీటరు దాటనివ్వను, ముందుకూ వెనకకూ రెండు. పుస్తకంలో ఉన్న అంకె కాదు, నా నిద్ర కోసం. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మెల దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగితే లెక్కలు మాని టైరు మార్చండి.

సాధన. జాకీ వేయడం మీకు వచ్చు. ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు నాలుగింటికీ గాలి సరిచూసి, అపార్ట్‌మెంటు సెల్లారులో సమతలంగా ఉన్న చోటికి తీసుకెళ్లండి. సుద్దముక్క మన సముద్రపు గాలికి రబ్బరు మీద నిలవదు. పాన్ షాపులో తడి సున్నం తెచ్చుకోండి. టైరు నడి గాడి పక్కన వేలెడు మరక పెట్టి, 2హెచ్‌లో ఉంచి, ఒకరు నడుపుతూ ఒకరు చూస్తూ నిటారుగా ముందుకు పోనివ్వండి. చుట్టు చుట్టుకూ నేల మీద తెల్ల ముద్ర పడుతుంది. మొదటి ముద్ర నుంచి నాలుగో ముద్ర దాకా దర్జీ టేపుతో కాదు, ఇనుప టేపుతో కొలిచి మూడుతో భాగించండి. ప్రతి చక్రానికీ మూడుసార్లు. తర్వాత స్టెప్నీని వెనక ఎడమకు బిగించి దానికీ మూడుసార్లు. మొత్తం పదిహేను కొలతలు. నాలుగో ముద్ర పలచగా పడుతుంది, సున్నం కాస్త ఎక్కువే పెట్టండి. వాచ్‌మన్‌కు ముందే చెప్పండి, లేకపోతే మీరు కొలిచేలోపే కడిగేస్తాడు.