బండి చల్లదనం, పాఠం 4: థర్మోస్టాట్ మీద అంకె

సాలూరు నుంచి సుంకి ఘాటీ (కొండ దారి) ఎక్కుతుంటే హీట్ ముల్లు సగం దాటి పైకి పోయిందని జయపురం కుర్రాడొకడు టర్బో పెట్రోల్ బండి తీసుకొచ్చాడు. "అన్నా, 82 థర్మోస్టాట్ తీసేసి 71 వేయించేస్తాను. హీట్ తగ్గిపోద్ది కదా?" అన్నాడు. చాలామంది అడిగే మాటే ఇది. ఈ వారం పాఠమంతా దీని మీదే.

థర్మోస్టాట్ అంటే ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య కూలెంట్ (ఇంజన్ వేడిని మోసే ద్రవం) దారిని తెరిచి మూసే వాల్వ్. చేతిలోకి తీసుకుని చూడండి. నడుమ చిన్న లోహపు డబ్బీ ఉంటుంది, దాన్నిండా మైనం. కూలెంట్ వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి వాల్వ్ తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగ్ మళ్లీ మూసేస్తుంది. దాని మీద కొట్టిన 82 (డిగ్రీల సెల్సియస్) తెరుచుకోవడం మొదలయ్యే వేడి మాత్రమే. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు కావాలి, అంటే దాదాపు 95.

ఇక్కడే అందరూ పొరబడతారు. 82 వేస్తే బండి 82 దగ్గర ఆగదు. వేడెక్కిన ఇంజన్‌ని అంతకన్నా బాగా కిందకి పడిపోకుండా చూస్తుంది, అంతే దాని పని. పైకి ఎంత పోవాలన్నది రేడియేటర్, ఫ్యాన్, ఎదురుగాలి, మీరు తొక్కే యాక్సిలరేటర్ కలిసి తేలుస్తాయి.

కుర్రాడి బండికి స్కానర్ (కూలెంట్ వేడిని అంకెల్లో చూపే పరికరం) తగిలించి ఇద్దరం మళ్లీ ఘాటీ ఎక్కాం. సుంకి మలుపుల్లో రెండో గేరులో 104 చూపించింది. పైకొచ్చి రోడ్డు చదునయ్యాక 91కి దిగింది. 104 దగ్గర 82 వాల్వ్ అయినా 71 వాల్వ్ అయినా బార్లా తెరుచుకునే ఉంటుంది. అలాంటప్పుడు 71 వేసి ఏం లాభం? బంపర్ విప్పి చూస్తే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఎర్రమట్టి, పురుగులు, ఎండుటాకులు మెత్తలా పేరుకుని ఉన్నాయి. గాలి దూరే సందే లేదు.

డ్యాష్‌బోర్డు ముల్లుని మాత్రం పెద్దగా నమ్మకండి. చాలా కార్లలో సుమారు 75 నుంచి 105 వరకు అది నడుమే నిలబడేలా కంపెనీయే చేస్తుంది. ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అసలు అంకె కావాలంటే స్కానరే దిక్కు.

తక్కువ అంకెతో అసలు లాభమే లేదా అంటే, ఉంది. ట్రాక్ మీద పరిగెత్తే బండికి, ట్యూనింగ్ చేయించి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచిన బండికి ఇంజన్ కాస్త చల్లగా ఉంటే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడడం) తగ్గుతుంది. కానీ ఫ్యాన్ తిరిగే వేడిని కూడా ట్యూనర్ చేత తగ్గించుకోవాలి. లేకపోతే ట్రాఫిక్‌లో మళ్లీ మొదటికే. రోజువారీ బండికి మాత్రం నేను వద్దనే అంటాను. పుష్యమాసం చలిలో కోరాపుట్ రోడ్ల మీద 71 వేసిన ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్ తేలిగ్గా నడిచేటప్పుడు కూలెంట్‌ని కావాలనే 112 దాకా ఉంచుతుంది. వేడి ఎప్పుడూ శత్రువే అనుకోకూడదు.

థర్మోస్టాట్ పీకి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. చాలా ఇంజన్లలో దాని అడుగునున్న బిళ్ల బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే ఇంజన్‌లో తిరుగుతుంది. చలికాలం వేడెక్కదు, ఘాటీలో ఉడుకుతుంది.

ఇక ఇంట్లో చేసే పరీక్ష. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీయండి. అడుగుకి తగలనివ్వకండి, థర్మామీటర్ పక్కనే ఉంచండి. వాల్వ్ అంచు కదిలిన క్షణాన అంకె రాసుకోండి. మైదానంలో నీళ్లు 100కి మరిగితే, 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో దాదాపు 97కే మరుగుతాయి. అందుకని 88 థర్మోస్టాట్ మన గిన్నెలో పూర్తిగా తెరుచుకోదు. అది చెడిపోయిందని పారేయకండి. 88కి అటూఇటూ కదలడం మొదలైతే చాలు. తిరిగి బిగించేటప్పుడు చిన్న గాలి రంధ్రం పైకి ఉండాలి, లేదంటే గాలి లోపలే చిక్కుకుంటుంది.

నీళ్లు 100 లోపే మరిగే ఎత్తుల్లో, ఘాటీ మీద 104 చూపించినా బండి ఎందుకు పొంగలేదన్నది రేడియేటర్ మూతలో ఉంది. వచ్చే పాఠానికి మీ బండి మూత మీద ఎన్ని బార్ (ఒత్తిడి కొలత) అని ఉందో చూసి రాసుకురండి.