విమ్ పాఠాలు – 7: చెదిరిన లైన్లను మళ్లీ పేర్చడం

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆపరేటర్ (ఏం చెయ్యాలో చెప్పే కీ) పక్కన మోషన్ (ఎక్కడిదాకా చెయ్యాలో చెప్పే కీ) కొడితే కమాండ్ అవుతుందని ఆరో పాఠంలో చూశాం. ఇప్పుడు అదే పద్ధతిలో పేరాలు సర్దుదాం. కీల పేర్లు ఇక్కడ తెలుగులో ఉన్నా కొట్టాల్సింది ఇంగ్లీషు కీలే. తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉంటే నార్మల్ మోడ్‌లో (కీలు అక్షరాలుగా కాక కమాండ్లుగా పనిచేసే మోడ్) ఈ కమాండ్లేవీ పనిచెయ్యవు. ముందు అది మార్చుకోండి.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పేరా ఉందనుకోండి. ఒక లైను 90 అక్షరాలు, తర్వాతిది ఒకే పదం. లైను 72 అక్షరాలు దాటకుండా ఉండాలంటే ఎస్కేప్ నొక్కి, ఇలా కొట్టి ఎంటర్ చెయ్యండి:

:సెట్ టెక్స్ట్‌విడ్త్=72

కర్సర్‌ను పేరాలో ఎక్కడైనా ఉంచి జీ, క్యూ, ఐ, పీ వరసగా కొట్టండి. జీ క్యూ అంటే పేర్చు, ఐ పీ అంటే ఈ పేరా. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ప్రతి మార్పుకూ రాసే కమిట్ మెసేజ్‌లకు వాడుకలో ఉన్న వెడల్పు కూడా 72నే. టెక్స్ట్‌విడ్త్ 0గా ఉంటే విమ్ స్క్రీన్ వెడల్పును బట్టి పేరుస్తుంది, 79 మాత్రం దాటదు. 72 పెట్టాక ఇన్సర్ట్ మోడ్‌లో టైప్ చేస్తున్నప్పుడూ లైన్లు విరుగుతాయి. వద్దనుకుంటే పని కాగానే 0 చేసెయ్యండి.

ఎక్కువగా దెబ్బతినేది నంబర్ల జాబితాలే. మామూలు టెక్స్ట్ ఫైల్లో ఈ రెండు లైన్లు

1. బియ్యం 5 కిలోలు
2. కందిపప్పు 1 కిలో

జీ క్యూ ఐ పీ కొట్టగానే ఇలా అయిపోతాయి:

1. బియ్యం 5 కిలోలు 2. కందిపప్పు 1 కిలో

కంగారేం లేదు, ఒక్క యూ కొడితే మొత్తం వెనక్కి వస్తుంది. తర్వాత విమ్ నంబర్ల జాబితాను గుర్తించేలా ఈ రెండూ పెట్టి మళ్లీ పేర్చండి:

:సెట్ ఆటోఇండెంట్
:సెట్ ఫార్మాట్‌ఆప్షన్స్+=ఎన్

౧, ౨ అని తెలుగు అంకెలు వేస్తే ఇది కూడా ఆదుకోదు. విమ్ దృష్టిలో అంకెలంటే 0 నుంచి 9 వరకే. హైఫన్‌తో మొదలయ్యే జాబితాకు ఈ గొడవ లేదు, హైఫన్ తర్వాత స్పేస్ ఉంటే చాలు.

లైన్లను ఊరికే కలపాలంటే షిఫ్ట్-జే. 4 కొట్టి షిఫ్ట్-జే నొక్కితే నాలుగు లైన్లు ఒకటవుతాయి, అతుకు దగ్గర ఒక స్పేస్ పడుతుంది. పదమే మధ్యలో విరిగి ఉంటే ఆ స్పేస్ పనికిరాదు. అప్పుడు జీ, షిఫ్ట్-జే. ఇది స్పేస్ కలపదు, ఉన్నది తీసెయ్యదు కూడా. కింది లైను ముందు ఖాళీ ఉంటే మీరే చెరపాలి.

ఫైలంతా పేర్చడానికి జీ, జీ, ఆపైన జీ, క్యూ, షిఫ్ట్-జీ. పట్టికలు గానీ కోడ్ గానీ ఉన్న ఫైల్లో మాత్రం దీని జోలికి పోకండి.

అభ్యాసం: రెండు పేరాల మధ్య ఖాళీ లైన్లో రెండు స్పేసులు పెట్టండి. పై పేరాలో కర్సర్ ఉంచి జీ క్యూ ఐ పీ కొట్టి చూడండి. యూ కొట్టి, ఈసారి జీ, క్యూ, } కొట్టండి. కింది పేరా కూడా కదులుతుంది. స్పేసులున్న లైను } కి హద్దు కాదు, ఐ పీకి హద్దే.