టేబుల్ సా మార్చాలా, ఉన్నదే బాగు చేసుకోవాలా: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

హన్మకొండ, కాజీపేట వైపు కారు షెడ్డులోనో మేడ మీది రేకుల గదిలోనో చెక్కపని మొదలుపెట్టిన వాళ్ల దగ్గర ఎక్కువగా రెండు రకాల టేబుల్ సాలు (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మిషన్లు) కనిపిస్తాయి. ఒకటి ప్లైవుడ్ బల్ల అడుగున చేతి కట్టర్‌ను తిరగేసి బిగించుకున్నది. రెండోది ఆన్‌లైన్‌లో కొన్న చిన్న పోర్టబుల్ మిషన్. కొన్నాళ్లు వాడాక ఎవరైనా అనేది ఒకటే మాట: "ఇక పెద్దది కొనాలి." కొనుక్కోవచ్చు. కాకపోతే ఏ లోపం వల్ల కొంటున్నామో ముందు తేల్చుకోవాలి. మొద్దుబారిన బ్లేడు, వంకర గైడు (చెక్కను ఆనించి తోసే పట్టీ), సన్న వైరు ఉన్నచోట ఎంత ఖరీదైన మిషన్ తెచ్చినా అవే ఇబ్బందులు వస్తాయి. కొన్ని లోపాలు మాత్రం ఎంత సర్దినా పోవు. అప్పుడే కొత్తదానికి డబ్బు పెట్టాలి.

కింద చెప్పిన ఏ పరీక్షకైనా ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. మోటరు నడిపి చూడమన్న చోట మాత్రమే మళ్లీ పెట్టండి.

కోసిన అంచు నల్లగా మాడుతోంది

పది మందిలో తొమ్మిది మంది మోటరును తిడతారు. ముందు చూడాల్సింది బ్లేడును. టేకులో సిలికా ఉంటుంది, అది పళ్ల పదునును త్వరగా తినేస్తుంది. పైగా దాని జిగురు పళ్ల పక్కన నల్లగా పేరుకుంటుంది. బ్లేడు విప్పి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. తడి తుడిచి ఆరబెట్టాకే మళ్లీ బిగించండి.

తర్వాత పళ్లు లెక్కపెట్టండి. 10 అంగుళాల బ్లేడులో నార వెంట పొడుగు కోతకు 24 పళ్లది కావాలి. అడ్డ కోతకు, ప్లైవుడ్‌కు 60 నుంచి 80 పళ్లది. ఒకటిన్నర అంగుళం టేకును 60 పళ్ల బ్లేడుతో పొడుగ్గా కోస్తే పళ్ల సందుల్లో పొట్టుకు చోటు చాలదు. పొట్టు బయటికి పోక ఒరుసుకుని, వేడెక్కి మాడుతుంది. మిషన్‌తో పాటు వచ్చే 40 పళ్ల బ్లేడు అన్నిటికీ అంతంతమాత్రమే. పెద్ద మిషన్ కొనే ఆలోచనను ఒక నెల వాయిదా వేసి, మంచి 24 పళ్ల బ్లేడు ఒకటి కొని చూడండి.

శుభ్రమైన, పదునున్న బ్లేడుతోనూ మాడుతుంటే కోసిన అంచును వెలుతురుకు వాలుగా పట్టుకోండి. వంపు గీతలు ఒకే దిక్కుకు ఉంటే బ్లేడు ముందు పళ్లే కోస్తున్నాయి. రెండు దిక్కుల గీతలు ఒకదాన్నొకటి దాటుతూ అల్లికలా కనిపిస్తే వెనక పళ్లు కూడా తగులుతున్నాయి. అంటే తప్పు సర్దుబాటులో ఉంది.

గైడు పెట్టిన కొలత ఒకటి, తెగిన కొలత ఒకటి

గైడు సర్దే ముందు బ్లేడు మైటర్ గాడికి (బల్ల మీద బ్లేడు పక్కన ఉండే పొడుగాటి గాడి) సమాంతరంగా ఉందో లేదో చూడాలి. చాలామంది ఈ వరస తిప్పేసి గైడుతోనే కుస్తీ పడతారు. బ్లేడు వంకరగా ఉంటే గైడును ఎంత సర్దినా దండగే.

మైటర్ గేజ్‌ను, అంటే ఆ గాడిలో ముందుకూ వెనక్కూ జరిగే అడ్డ కోత పట్టీని, గాడిలో పెట్టి దానికి సన్నని చెక్కపుల్ల క్లాంపుతో బిగించండి. బ్లేడును పూర్తిగా పైకి లేపి ఒక పంటికి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ పన్ను మీ వైపు ఉన్నప్పుడు పుల్ల కొస దాన్ని సన్నగా ఒరుసుకునేలా జరపండి. ఒక చిన్న గీరు చప్పుడు వస్తుంది. ఇప్పుడు బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక వైపుకు తెచ్చి, గేజ్‌నూ అక్కడిదాకా తోయండి. అదే చప్పుడు రావాలి. అసలు తగలకపోతే మధ్యలో జిరాక్స్ కాగితం దూర్చి చూడండి. మామూలు కాగితం మందం 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది. ఒకటి పట్టినా ఫరవాలేదు, రెండు మూడు పట్టాయంటే సర్దాల్సిందే. పుల్ల పన్నుకు అడ్డం తగిలి చప్పుడు గట్టిగా వచ్చినా అంతే. రెండు చోట్లా ఒకే పన్ను ఎందుకంటే, బ్లేడులో సొట్ట ఉన్నా అది లెక్కలోకి రాకుండా పోతుంది.

సర్దడానికి బల్ల కింద బ్లేడు చట్రాన్ని పట్టుకున్న బోల్టులు ఉంటాయి. మూడింటిని కొద్దిగా వదులు చేసి ఒకదాన్ని బిగువుగానే ఉంచి, రబ్బరు సుత్తితో నెమ్మదిగా తట్టండి. బ్లేడు కుదిరాక గైడును అదే గాడికి సమాంతరంగా పెట్టండి. వెనక కొస బ్లేడుకు ఒక కాగితమంత దూరం జరిగి ఉన్నా మంచిదే, దగ్గరికి మాత్రం రాకూడదు.

ఇక అసలు పరీక్ష. గైడును లాక్ చేసి వెనక కొసను బొటనవేలితో పక్కకు నొక్కండి. కదిలిందంటే, లేదా లాక్ చేసిన ప్రతిసారీ వేరే చోట ఆగుతోందంటే ఆ గైడుకు మందు లేదు. కొత్త మిషన్ కొనడానికి నా లెక్కలో మొదటి న్యాయమైన కారణం ఇదే, మోటరు హార్స్‌పవర్ కాదు. పోర్టబుల్ మిషన్లలో పళ్ల పట్టీ మీద రెండు కొసలూ ఒకేసారి జరిగే గైడు ఉన్నవి దొరుకుతున్నాయి. ఒక మెట్టు పైన ముందు ఉక్కు రైలు మీద టి ఆకారంలో బిగుసుకునేవి ఉన్నాయి. షాపుకు గునియా (మూలమట్టం), టేపు పట్టుకుని వెళ్లి అక్కడే నొక్కి చూడండి. షాపువాడు చిరాకు పడితే పడనివ్వండి.

చెక్క ఎగిరి మీదికొస్తోంది

దీన్ని కిక్‌బ్యాక్ అంటారు. బ్లేడు ముందు పళ్లు చెక్కను కిందికి అదుముతాయి, వెనక పళ్లు పైకి లేస్తాయి. తెగిన చెక్క మూసుకుని వెనక పళ్లను పట్టుకున్నా, గైడుకూ బ్లేడుకూ మధ్య ఇరుక్కున్నా ఆ పళ్లు దాన్ని ఎత్తి మీ వైపు విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. తప్పుకునేంత టైమ్ ఎవరికీ ఉండదు.

దీన్ని ఆపేది బ్లేడు వెనకే నిలబడి, బ్లేడుతో పాటు లేస్తూ దిగుతూ ఉండే రివింగ్ నైఫ్ అనే ఉక్కు పలక. తిరగేసిన కట్టర్ బల్లకు అది ఉండదు. ఈ ఒక్క కారణంతో ఆ బల్లను పక్కన పెట్టేయొచ్చు, ఇందులో బేరం లేదు. రివింగ్ నైఫ్ ఉండీ చెక్క సగంలో ఇరుక్కుపోతుంటే మందాలు చూడండి. నైఫ్ మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, పళ్ల కోత వెడల్పు కంటే తక్కువ ఉండాలి. 2.5 మి.మీ. నైఫ్ ఉన్న మిషన్‌కు 2.4 మి.మీ. సన్న కోత బ్లేడు వేస్తే చెక్క ముందుకు సాగదు. విసుగొచ్చి నైఫ్ పీకేస్తే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. బ్లేడు మార్చండి.

సరిగా ఆరని వేప, తుమ్మ కోస్తుంటే నైఫ్ ఉన్నా కోత మూసుకుంటుంది. మిషన్ ఆపి కోతలో చిన్న చెక్క ముక్కను చీలికలా దూర్చి ముందుకెళ్లండి. గైడును ఆనుకుని అడ్డ కోత కోయొద్దు. చేతికి గ్లవ్స్ వద్దు, మెడలో తువ్వాలు వద్దు.

మోటరు మూలుగుతోంది, లేదా స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతోంది

మల్టీమీటర్‌ను మిషన్ పెట్టే సాకెట్ దగ్గరే పెట్టి, మిషన్ చెక్క కోస్తున్నప్పుడు ఇంకొకరిని వోల్టేజీ చూడమనండి. ఖాళీగా ఉన్నప్పుడు 225 చూపించిన లైను కోతలో 190కి దిగిపోవచ్చు. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ నడుస్తుంటే ఇంకా కిందికి. ఇండక్షన్ మోటరు (బావి మోటర్ల లాంటి, బ్రష్‌లు లేని రకం) బలం వోల్టేజీ వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. 230 మీద నడవాల్సింది 180 మీద నడిస్తే బలం దాదాపు 60 శాతమే.

తేడా ఇంటి లోపలిదా, వీధిదా? మెయిన్ బోర్డు దగ్గరా సాకెట్ దగ్గరా కొలిస్తే తెలుస్తుంది. 20 మీటర్ల 1.5 స్క్వేర్ ఎం.ఎం. ఎక్స్‌టెన్షన్ వైరుకు పోనూ రానూ కలిపి అర ఓమ్ దాకా నిరోధం ఉంటుంది. రెండు హార్స్‌పవర్ మోటరు నడుస్తూ 10 ఆంపియర్లు తీసుకుంటే పోయేది 5 వోల్టులే. స్టార్టింగ్‌లో 60 దాకా లాగితే 30 వోల్టులు ఆ వైరులోనే పోతాయి. అందుకే మోటరు లేవలేక మూలుగుతుంది. మెయిన్ బోర్డు నుంచి 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరుతో విడిగా లైను లాగించి, సరైన ఎర్తింగ్‌తో సి రకం ఎంసీబీ పెట్టించండి. బి రకం స్టార్టింగ్ కరెంటుకే పడిపోవచ్చు. బోర్డు దగ్గరే వోల్టేజీ తక్కువుంటే అది విద్యుత్ శాఖకు ఫిర్యాదు చేయాల్సిన పని. మిషన్ మారిస్తే అది మారదు.

వోల్టేజీ బాగుండీ మోటరు తిరగకుండా మూలుగుతుంటే వెంటనే ఆపండి, వైండింగ్ కాలిపోతుంది. ఎక్కువసార్లు పోయేది కండెన్సరే (కెపాసిటర్). బావి మోటర్లు బాగుచేసే ఏ మెకానిక్ అయినా మార్చి ఇస్తాడు. మన దగ్గర ఇండక్షన్ మోటరున్న మిషన్ కొనడంలో లాభం కూడా ఇదే. నర్సంపేటలో ఉన్నా, పరకాలలో ఉన్నా వైండింగ్ షాపు దొరుకుతుంది. పోర్టబుల్ మిషన్లది కార్బన్ బ్రష్‌ల మోటరు. బ్రష్‌లు మార్చడం తేలికే, ఆర్మేచర్ (మోటరులో తిరిగే భాగం) కాలితే మాత్రం కంపెనీ పార్టు కోసం ఎదురుచూడాలి.

ప్లైవుడ్, పొణికి లాంటి మెత్తని చెక్క వరకే మీ పనైతే 1,800 వాట్ల పోర్టబుల్ చాలు. రోజూ రెండంగుళాల టేకు, నల్లమద్ది చీల్చేవాళ్లే ఇండక్షన్ మోటరుకు వెళ్లాలి. మూడంగుళాలకు మించిన దర్వాజ కర్ర 10 అంగుళాల బ్లేడుతో ఒక్క కోతలో తెగదు, మోటరు ఎంత పెద్దదైనా. దాన్ని సా మిల్లులో చీల్పించుకు రావడమే తెలివి.

అమెరికా నుంచి బంధువులు పంపిన మిషన్ అయితే రేటింగ్ ప్లేటు చూడకుండా ప్లగ్ పెట్టొద్దు. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. బ్రష్‌ల మోటరుకు దాంతో ఇబ్బంది లేదు, ఇండక్షన్ మోటరు మాత్రం ఆరో వంతు నెమ్మదిగా తిరిగి ఎక్కువ వేడెక్కుతుంది.

పళ్లు రాలిపోతున్నాయి

పాత పెంకుటిళ్లు కూల్చినప్పుడు కొన్న దూలాలు, వాసాలు కోస్తున్నారా? లోపల మేకులుంటాయి. గట్టి అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క మీద మెల్లగా జరిపితే చాలావరకు దొరుకుతాయి. పన్ను ఊడిన బ్లేడును మళ్లీ వాడొద్దు.

ప్లైవుడ్ అంచు పెచ్చులూడుతోంది

80 పళ్ల బ్లేడు, కోత గీత మీద మాస్కింగ్ టేపు, బ్లేడు పక్కన సందు లేకుండా చెక్కతో చేసుకున్న ఇన్సర్ట్ (బ్లేడు చుట్టూ బల్లలో కూర్చునే పలక). మిషన్ మార్చక్కర్లేదు.

పొట్టు గదంతా నిండిపోతోంది

చెక్క పొట్టును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో చేర్చింది. కొత్తది కొనేటప్పుడు బ్లేడు చుట్టూ మూత, 4 అంగుళాల పొట్టు గొట్టం ఉన్నదే చూడండి. అప్పటిదాకా ఎన్95 మాస్కు.

కొత్త మిషన్ తెచ్చాక వచ్చేవి

వణుకుతోందంటే నేల చూడండి, తర్వాత బెల్టు. పోత ఇనుము బల్ల మీద ఐదు రూపాయల బిళ్లను నిలబెట్టి మోటరు ఆన్ చేస్తే పడకూడదు. కొత్త బెల్టు పెట్టెలో వంగి వస్తుంది, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. వానాకాలంలో బల్ల తుప్పు పడుతుంది. తుడిచి పేస్ట్ వ్యాక్స్ రాయండి. సిలికాన్ స్ప్రే కొడితే అది చెక్కకు అంటి తర్వాత పాలిష్ పట్టదు.

పాత బ్లేడ్లు కొత్తదానికి ఎక్కకపోతే మధ్య రంధ్రం కొలవండి. 25.4, 30, 15.88 మి.మీ. రకాలున్నాయి. పెద్ద రంధ్రానికి సరైన బుష్ (రంధ్రంలో కూర్చునే రింగు) దొరుకుతుంది, చిన్నదాన్ని మాత్రం డ్రిల్లుతో పెద్దది చేయొద్దు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మిషన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉంటేనే బిగించండి.