కారు నిండా సాలెగూడు గీతలా? ఆటోమేటిక్ వాష్‌ని తిట్టే ముందు టాప్ చూడండి

ఎండలో బానెట్ మీద సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి, మొన్న బంకులో తిరిగే బ్రష్‌లతో చేసే ఆటోమేటిక్ వాష్ చేయించాకే వచ్చాయి అంటూ తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఫోటో పంపుతూనే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే, కారు టాప్ మధ్యలో చూశారా అని. ఇంతవరకూ ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. కంప్లయింట్ ఇవ్వడానికి మాత్రం రెడీ.

ముందు ఈ చెక్ చేయండి. కారుని మామూలు నీళ్లతో కడిగి ఆరనిచ్చి, రాత్రి సెల్లార్‌లో ఫోన్ టార్చి వేసి చూడండి, ట్యూబ్‌లైట్ వెలుగులో ఈ గీతలు సరిగ్గా కనపడవు. బానెట్, డ్రైవర్ డోరు, ఆ తర్వాత స్టూలెక్కి టాప్ మధ్యలో. గీతలన్నీ టార్చి చుట్టూ గుండ్రంగా కనిపిస్తాయి, దాంతో ఎవడో గుండ్రంగా రుద్దాడని తీర్పు ఇచ్చేయకండి. అన్ని దిక్కులా ఉన్న గీతల్లో వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి అలా కనిపిస్తుంది, టార్చి జరిపితే ఆ చక్రమూ జరుగుతుంది.

టాప్ మీద ముందు నుంచి వెనక్కి తిన్నగా, డోర్ల మీద అడ్డంగా, ఒకే వరసలో గీతలుంటే

ఇది బ్రష్ పనే. పై రోలర్ కారు పొడవునా రుద్దుతుంది, పక్కన నిలువుగా నిలబడి తిరిగే బ్రష్‌లు డోర్లని అడ్డంగా రుద్దుతాయి, గీతలూ అలాగే పడతాయి. అసలు తప్పు బ్రష్‌ది కూడా కాదు, దానికీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కున్న ఇసుకది. ముందు ప్రెషర్ గన్‌తో మట్టి వదిలించకుండా కారుని నేరుగా లోపలికి తోలిస్తే, మీ ముందు వెళ్లిన బురద జీపు మట్టి కూడా మీ కారుకే. కాబట్టి లైన్లో చేరే ముందు ఐదు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. గన్ వాడకపోతే వెనక్కి తిప్పేయండి. వాడుతుంటే, మెత్తటి ఫోమ్ బ్రష్‌లైతే, నెలకొకసారి వెళ్లినా తెల్ల కారుకో సిల్వర్ కారుకో పెద్దగా తెలియదు. నల్ల కారైతే నేను వెళ్లను.

టాప్ మధ్యలో బాగానే ఉండి, బానెట్, డోర్లు, డిక్కీ మాత్రం గీతలమయం అయితే

నేను డబ్బులు పోగొట్టుకున్నది ఇక్కడే. మాది నల్ల ఎస్‌యూవీ. గీతలు చూసి ఆటోమేటిక్ వాష్ మీదే నింద వేసి, ఆరు వేలు పెట్టి మెషిన్ పాలిష్ చేయించి, ఆ రోజు నుంచి బంకు మొహం చూడకుండా ఆదివారాలు నేనే రెండు బకెట్లు పెట్టుకుని కడిగాను. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అవే గీతలు. పాలిష్ వేసినవాడు మోసం చేశాడనుకున్నాను, షాంపూ మార్చాను, ఖరీదైన మైక్రోఫైబర్ గుడ్డలు కొన్నాను. ఏం లాభం లేదు.

ఒకరోజు ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సి ఉండి తెల్లవారుజామున కిందకి దిగితే, మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే ఆయన పనిలో ఉన్నాడు. చేతిలో ఒకే బకెట్, అందులో నీళ్లు టీ రంగులో ఉన్నాయి. పక్క కారు టైర్లు తుడిచిన గుడ్డనే ముంచి, పిండి, మా బానెట్ మీద వేశాడు. మధ్యలో గుడ్డ కింద పడితే ఒకసారి దులిపి మళ్లీ మొదలు. టాప్ మధ్యకి ఆయన చెయ్యి అందదు, అందుకే అక్కడ గీతల్లేవు! ఇంత చిన్న విషయం పట్టుకోవడానికి నాకు ఆరు వేలు పట్టింది.

లెక్క వేసుకోండి. ఆటోమేటిక్ వాష్ నెలకొకసారి, ఈ తుడుపు నెలకి ఇరవై ఆరు సార్లు. మా చుట్టుపక్కల, హైదరాబాద్‌లో నార్సింగి, కోకాపేట వైపు ఎటు చూసినా కన్‌స్ట్రక్షన్, రాత్రికి రాత్రి కారు మీద పేరుకునేది ఇసుక, రాతి పొడి. అందులో ఉండే క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం గాజుని కూడా గీస్తుంది, ఇక రంగు మీద ఉండే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, ఎంత. దాని మందం దాదాపు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన. సిగ్నళ్ల దగ్గర అమ్మే మెత్తటి డస్టర్లదీ ఇదే కథ. కవరు వేస్తున్నాం కదా అంటారు కొందరు. దుమ్ము మీదే కవరు వేస్తే, గాలికి ఆ కవరే రాత్రంతా రుద్దుతుంది.

పాపం ఆయన తప్పేమీ లేదు, ఎనిమిది లోపు ఇరవై కార్లు పూర్తి చేయాలి. నేను చెప్పింది ఇదే: "అన్నా, రేపటి నుంచి అద్దాలు, లోపల మ్యాట్లు చూసుకో చాలు, బాడీ ముట్టుకోవద్దు. డబ్బులు అవే ఇస్తా." మొదట నమ్మలేదు, అలవాటు కొద్దీ రెండు రోజులు తుడిచేశాడు కూడా. అద్దాలకి వేరే గుడ్డ కొనిచ్చాను. దుమ్ముతో తిరగడం నామోషీ అనిపిస్తే ముందు పైపుతోనో మగ్గుతోనో నీళ్లు ధారగా పోసి, దుమ్ము దిగాకే గుడ్డ పెట్టాలి, పొడి గుడ్డ మాత్రం ఎప్పుడూ వద్దు.

ఈ మురికి గుడ్డ తుడుపు ఆగాకే పాలిష్, ముందు కాదు. ప్రతి పాలిష్‌కీ క్లియర్ కోట్ కొద్దికొద్దిగా అరుగుతుంది, అది మళ్లీ పెరిగేది కాదు. షాపులో ముందు ఒక అడుగు జాగాలో చేసి చూపించమనండి. రెండు వాష్‌లకే గీతలు తిరిగి వచ్చాయంటే వాళ్లు గీతలు తీయలేదు, జిడ్డుతో నింపి పంపారన్నమాట. సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పడవు అనే మాట నమ్మకండి, మురికి గుడ్డ దాన్నీ గీస్తుంది.

వాష్ తర్వాత తెల్లటి చుక్కలు

గీతలు కావు, బోరు నీళ్లు ఎండలో ఆరిపోయి మిగిల్చిన ఉప్పు. నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు, వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తడిపి, ఒక నిమిషం ఆగి మంచి నీళ్లతో కడిగేయండి. పోకపోతే పెయింట్‌లోకి దిగినట్టే, అప్పుడు పాలిషే.

ప్రెషర్ గన్ కొట్టగానే బంపర్ మీద పెయింట్ లేచిపోతే

అక్కడ ముందే రాయి తగిలి పెచ్చు లేచి ఉంటుంది, లేదా రీపెయింట్ సరిగ్గా చేయలేదు. గన్ అడుగు దూరంలో ఉంటే కంపెనీ పెయింట్ ఊడదు. సెకండ్ హ్యాండ్ కారైతే మీకు అమ్మినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇక మిగిలినవి అరుదు. బ్రష్ లేని టచ్‌లెస్ వాష్‌లో ఘాటు కెమికల్ వాడతారు, దానికి వ్యాక్స్ పోవచ్చు, గీతలు మాత్రం పడవు. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ కారుని బ్రష్‌లోకి తీసుకెళ్లారంటే ఇక నేను చెప్పేదేమీ లేదు. ఒకటే పొడుగాటి గీత ఉండి దాని మీద గోరు ఆడిస్తే గోరు అందులో తగులుకుంటే, అది వాష్‌దీ కాదు గుడ్డదీ కాదు, ఎవడో బైక్ హ్యాండిల్‌తో గీసి వెళ్లి ఉంటాడు. సెల్లార్ సీసీ కెమెరా చూసుకోండి.