కాంటర్‌బరీకి కాలినడకన పోవాలంటే, మొత్తం ఒకేసారి పెట్టుకోకండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత యాత్రల దారిలో నడవాలని ఉంటే పిల్‌గ్రిమ్స్ వే ట్రై చేయండి, వించెస్టర్ నుంచి కాంటర్‌బరీ దాకా దాదాపు 190 కిలోమీటర్లు. 1170 డిసెంబర్ 29న ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్‌ని నలుగురు నైట్లు (రాజు కొలువులోని యోధులు) కాంటర్‌బరీ కెథెడ్రల్ అనే పెద్ద చర్చి లోపలే నరికేశారు, 1173కల్లా ఆయన్ని సెయింట్ చేసేశారు, ఇక 1538లో రాజు ఎనిమిదో హెన్రీ బెకెట్ సమాధిని పగలగొట్టించేదాకా జనం యాత్రకి వస్తూనే ఉన్నారు.

అయితే మ్యాప్‌లో పేరు ఉంది కదా అని ప్రతి అడుగూ అప్పటి యాత్రికులు వేసిందే అనుకోకండి. ఆ పేరు బాగా పాపులర్ అయింది విక్టోరియా రాణి కాలంలో. పైగా పాతకాలం ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో యాత్రికులు బయల్దేరింది లండన్ సదర్క్ నుంచి, రోచెస్టర్ వైపు రోడ్డు మీద. ఇప్పుడు అటు పోతే చాలా దూరం లారీల పక్కనే నడవాలి, నేనైతే వద్దంటా.

పిల్‌గ్రిమ్స్ వే కూడా చాలా చోట్ల తారు రోడ్డే. అలాంటి చోట కొండ మీద పోయే నార్త్ డౌన్స్ వే అనే కాలిబాట పట్టుకోండి, ఓక్ కాయ బొమ్మ ఉన్న గుర్తులు చూసుకుంటూ పోవడమే. పసుపు బాణం అంటే నడిచేవాళ్ళకి మాత్రమే, నీలం అంటే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వస్తాయి.

లీవు దొరక్కపోతే వీకెండ్‌కి ఒక ముక్క చొప్పున చేయండి. కెంట్‌లో ఆట్‌ఫర్డ్, హాలింగ్‌బోర్న్, లెన్హామ్, చారింగ్ అన్నీ ఒకే రైలు లైను మీద ఉన్నాయి, ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషన్లో ఎక్కేయొచ్చు.

బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఇక్కడ నేలంతా సుద్ద, వాన పడిందంటే సబ్బు మీద నడిచినట్టే. ఫిబ్రవరిలో రన్నింగ్ షూస్ వేసుకెళ్ళి ఒక దిగుడులో నడుం మీద పది అడుగులు జారా, బ్యాగులో పెరుగన్నం డబ్బా మూత ఊడి ఆ వాసన జాకెట్‌కి వారం పోలేదు, అందుకే ఇప్పుడు పులిహోర తప్ప ఏమీ తీసుకెళ్ళను. చెట్ల కింద సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. డిసెంబర్లో నాలుగింటికే చీకటి పడుతుంది. దారిలో టెంట్ వేద్దాం అనుకుంటే స్థలం ఓనర్ పర్మిషన్ కావాలి.

వించెస్టర్లో మొదలుపెడితే సెయింట్ క్రాస్ హాస్పిటల్‌కి (పేరుకే హాస్పిటల్, నిజానికి పాత ధర్మసత్రం) వెళ్ళి వేఫేరర్స్ డోల్ అని అడగండి, చిన్న రొట్టె ముక్కా కొంచెం బీరూ ఇస్తారు, బాటసారులకి ఇచ్చే పాత ఆనవాయితీ ఇంకా నడుస్తోంది.

ఒక్కరోజే ఉందంటే చిల్హామ్‌లో దిగండి. యాపిల్ తోటల మధ్య నుంచి హార్బుల్‌డౌన్ మీదుగా కాంటర్‌బరీకి పది పదకొండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఊళ్ళోకి వచ్చేముందు సెయింట్ డన్‌స్టన్ చర్చి దగ్గర ఒక నిమిషం ఆగండి. రాజు రెండో హెన్రీ కోపంలో అన్న మాట పట్టుకునే బెకెట్‌ని చంపిన ఆ నైట్లు వచ్చారంటారు, ఆయన 1174లో ఇక్కడే మంచి బట్టలు తీసేసి వట్టికాళ్ళతో కెథెడ్రల్ దాకా నడిచి సన్యాసుల చేత కొరడా దెబ్బలు తిన్నాడు. మీరూ అక్కణ్ణుంచి వెస్ట్‌గేట్ అనే పాత నగర ద్వారం కింద నుంచి వెళ్ళండి.

కెథెడ్రల్‌లో ఒకప్పుడు బెకెట్ సమాధి ఉన్న చోట ఇప్పుడు ఒకే ఒక్క కొవ్వొత్తి వెలుగుతుంటుంది. అక్కడికి ఎక్కే రాతిమెట్లు అరిగి మధ్యలో గుంట పడ్డాయి, వేలు పెట్టి చూడండి. లోపలికి టికెట్ ఉంటుంది కానీ సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకి వెళ్తే ఉండదు, బూట్ల మట్టి మాత్రం బయటే దులుపుకుని వెళ్ళండి.